రొద లేని గిటారు

“రాయి మీద తేదీ చెక్కేశాక నేనింక ఎదురుచూడకూడదండీ,” అంది ఏంజెల్. “ఆ తేదీ నిజమో కాదో ఆదివారం లోపల నాకు తెలియాలి.”

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే బస్సులో మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆమె మోకాళ్ళ మధ్య ఒక నల్లటి గిటారు పెట్టె నిలబడి ఉంది. నీళ్ళలో నాని, ఎండకి ఎండి, పైతొడుగు పెచ్చులు లేచిపోయిన పెట్టె. కండక్టరు దానికి లగేజీ కొట్టాలని పేచీ పెట్టబోతే, ఆమె మారుమాట లేకుండా దానికీ నిండు టికెట్టే తీసుకుంది. మనిషికి తీసుకున్నట్టే తీసుకుంది. అది చూశాక ఈ కేసు వదలకూడదని గట్టిగా అనుకున్నాను.

నా పేరు గంగాభవాని. ఏలూరు పవరుపేటలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. పేరుకి ఏజెన్సీ గాని, డిటెక్టివునీ నేనే, గుమాస్తానీ నేనే, పొద్దున్నే గది ఊడ్చేదాన్నీ నేనే. సంగీతం సంగతి అడక్కండి. మా ఇంట్లో వేళకి కూత కూసేది ప్రెషర్ కుక్కరు ఒక్కటే. అలాంటిదాని దగ్గరికి గిటారు కేసు రావడం నా గ్రహచారం.

ఏంజెల్ కథ చిన్నదే. కొల్లేటి ఒడ్డున, కైకలూరుకి అవతల పందిరిలంక అనే ఊళ్ళో టీచరు. భర్త ఏసుకుమార్ ఊరి చర్చిలోను, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లోను గిటారు వాయించేవాడు. 2004 డిసెంబరులో ఒక సాయంత్రం క్రిస్మస్ పాటల ప్రాక్టీసు ముగించుకుని దోనెలో ఇంటికి బయల్దేరాడు. మర్నాడు దోనె గుర్రపుడెక్కలో బోర్లాపడి కనిపించింది. పక్కనే ఈ పెట్టె దొరికింది. మనిషి దొరకలేదు. గాలికి పడవ తిరగబడిందని రాసేసి పోలీసులు కేసు మూసేశారు. ఇప్పుడు 2007 వేసవి. ఎల్లుండి ఆదివారం చర్చి ఆవరణలో అతని పేరుతో జ్ఞాపకార్థం రాయి నిలబెడుతున్నారు.

పోయిన నెల ఏసుకుమార్ స్నేహితుడు జోసెఫ్ ఒక సీడీ విడుదల చేశాడు. ఏసుకుమార్ పోవడానికి నెల ముందు జోసెఫ్ స్టూడియోలో గిటారు మీద మాత్రమే వాయించి రికార్డు చేసిన కీర్తనలట. మనసొప్పక ఇన్నాళ్ళూ దాచుకున్నాడట. ఊరంతా విని ఏడ్చింది. ఏంజెల్ కూడా విని ఏడ్చింది. తర్వాత మళ్ళీ విని, నా దగ్గరికి వచ్చింది.

“దీంట్లో రొద లేదండీ,” అంది మొదటిరోజే. “ఆయన గిటారుకి వైరు పెట్టగానే జుమ్మని ఒక రొద వచ్చేదండి. పాట మొదలుపెట్టేముందు ఆయన అటూ ఇటూ తిరిగి, చివరికి వంటింటివైపు మొహం పెట్టుకుని కూర్చునేవారు. అప్పుడు రొద తగ్గేది. నిన్ను చూస్తే నా గిటారు కూడా నోరు మూసుకుంటుందే అని ఏడిపించేవారు.”

ఆ రొద ఏమయిందో తెలుసుకోవడానికే ఈ ప్రయాణం.

* * *

జోసెఫ్ మ్యూజిక్ హౌస్ ముందుభాగం కొట్టు, వెనకభాగం స్టూడియో. మేం వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. రెండింటికి కరెంటు కోత. ఆ లోపలే పని తెముల్చుకోవాలి.

లోపల అడుగుపెట్టగానే నాకు ఒళ్ళు మండింది. కౌంటరు పక్కన కుర్చీలో కాలు మీద కాలేసుకుని శ్రీరామచంద్ర కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు సబ్ ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు ఏలూరులో నా బోర్డుకి మూడింతల బోర్డున్న డిటెక్టివు. ఉద్యోగం వదిలినా లాఠీ పట్టుకున్న చెయ్యి మాత్రం ఇంకా గాల్లోనే ఉంటుంది.

“రండి రండి భవానిగారూ,” అన్నాడు. “మీక్కూడా గిటారు నేర్చుకోవాలని బుద్ధి పుట్టిందాండీ?”

“మీకే పుట్టాక ఇంకెవరికి పుట్టకూడదండీ? ఎవరి తరఫున వచ్చారేమిటి?”

“డిటెక్టివన్నవాడు కేసుని అడగాలి గాని క్లయింటుని అడక్కూడదండీ. అది నా సూత్రం.” అని ఏంజెల్ వంక తిరిగి కొంచెం తగ్గాడు. “అమ్మా, నన్ను తప్పుగా అనుకోవద్దండి. మీ ఆయన గురించే నేనూ వచ్చాను. ఈ సీడీ సంగతి తేల్చమని ఒక పెద్దమనిషి అడిగారు. వారంనుంచీ ఈ జోసెఫ్‌గారి వెంటే తిరుగుతున్నాను. మంచి మనిషేనండీ, కానీ అబద్ధం ఆడుతున్నాడు.”

“ఆయ్, నేనేం అబద్ధం ఆడానండీ?” అంటూ స్టూడియోలోంచి జోసెఫ్ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మెత్తటి మనిషి, మెత్తటి మాట. ఏంజెల్‌ని చూడగానే చేతులు జోడించాడు. “వందనాలు చెల్లెమ్మా. ఇంత ఎండన పడి వచ్చావేంటమ్మా?” అంటూనే ఆమె చేతిలో పెట్టె చూశాడు. జోడించిన చేతులు విడదియ్యడం మర్చిపోయాడు.

అతన్ని నేరుగా అడిగితే నోరు విప్పడు. శ్రీరామచంద్ర వారంరోజులు అలా అడిగే ఉత్త చేతులతో కూర్చున్నాడు. కొట్టు పెట్టుకున్న మనిషిని మాట్లాడించాలంటే కొనడానికి వచ్చినట్టు కనపడాలి. ఈ సూత్రం నాకు మా అమ్మ చీరల కొట్లో నేర్పింది.

గోడకి ఒక గిటారు వేలాడుతోంది. ఏంజెల్ పెట్టె తెరిచి ఏసుకుమార్ గిటారు బల్ల మీద పెట్టింది. రెండింటి తలల మీదా ఒకటే పేరుంది, హార్విన్ అని.

“జోసెఫ్‌గారూ, మా మేనల్లుడికి ఒక గిటారు కొనాలండీ,” అన్నాను. “గోడమీదున్నదీ ఇదీ ఒకటేనా? ఒకటే అయితే పాతదే ఎక్కడో చూసుకుంటాను.”

“ఒకటెలా అవుతుందండీ!” అన్నాడు జోసెఫ్. ఆ గొంతులో అప్పుడే ప్రాణం వచ్చింది. “ఇది హార్విన్ స్టాండర్డు. అది స్టాండర్డు టూ. చూడ్డానికి అన్నదమ్ములేగాని బుద్ధులు వేరండీ బాబూ.”

“ఏంటా తేడా?”

పాపం, ఆగలేకపోయాడు. తన సరుకు గురించి అడిగితే ఆగగలిగే వ్యాపారి నాకు ఇంతవరకు తగల్లేదు. రెండు గిటార్లనీ పక్కపక్కన పడుకోబెట్టి పసిపిల్లల్ని చూపించినట్టు చూపించాడు. పాతది బరువు, మెడ లావు. వేళ్ళు పొట్టిగా ఉన్నవాళ్ళు అవస్థ పడతారు. కొత్తదాని మెడ సన్నం, చెక్క తేలిక. పెళ్ళిళ్ళలో గంటలకొద్దీ నిలబడి వాయించినా భుజం లాగదు. పాతదానికి శ్రుతి నిలవదు. కొల్లేటి గాలికి చెమ్మ పట్టి తీగలు జారిపోతాయి. కొత్తదానికి మరలు గట్టివి.

“మరి పాతదాన్ని ఎందుకు మెచ్చుకుంటారండీ జనం?”

జోసెఫ్ పాతదాన్ని ఒక్కసారి నిమిరాడు. “గొంతండీ. దీని గొంతులో కొంచెం జీర ఉంటుంది. కొత్తది చదువుకున్నట్టు మాట్లాడుతుంది, ఇది ఇంట్లోవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడుతుంది. కాకపోతే రొద భరించాలి.”

వైరు పెట్టి స్విచ్చి వేశాడు. స్పీకరు పెట్టెలోంచి జుమ్మని మొదలైంది. ఏంజెల్ కళ్ళు మూసుకుంది.

“దీని కింద తీగల చప్పుడు పట్టే అయస్కాంతాలుంటాయండీ. కరెంటు రొద కూడా అవే పట్టేస్తాయి. ఇదిగో, ఇలా తిరుగుతూ పోతే ఏదో ఒక దిక్కున తగ్గుతుంది.” అతను గిటారు పట్టుకుని మెల్లగా తిరిగాడు. కిటికీవైపు తిరిగినప్పుడు రొద సన్నబడింది. “పాత మోడలు వాయించేవాళ్ళందరూ వైరు పెట్టగానే ఇలా దిక్కు వెతుక్కుంటారు. కొత్తదాంట్లో ఆ బాధ లేదండీ, ఎటు తిరిగినా నిశ్శబ్దమే.”

“అందుకేనా అన్నయ్యా?” అంది ఏంజెల్.

“ఏంటమ్మా?”

“ఆయన వంటింటివైపు తిరిగి కూర్చునేది అందుకేనా? రొద తగ్గుతుందనేనా?”

జోసెఫ్ నావైపు చూశాడు. ఆమె మొహం చిన్నబోయింది. పెళ్ళయిన నాటినుంచీ దాచుకున్న మాటని ఒక మోడలు వివరం పట్టుకుపోయింది. నాకు ఆ క్షణంలో కేసు మీదే కోపం వచ్చింది. కానీ టైము ఒకటిన్నర.

“జోసెఫ్‌గారూ, సీడీలో ఈ రొద లేదేం?”

దీనికి అతను ముందే తయారై ఉన్నాడు. “కంప్యూటర్లో తీసేశానండీ. ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు వచ్చాయి కదా.”

“విన్నారా?” అన్నాడు శ్రీరామచంద్ర. “ఇంతే సంగతి. దీనికోసమా బస్సెక్కి వచ్చారు?”

“కొత్తదాంట్లో ఇంకేం ఉందో చూద్దామనండీ. ఈ పుల్ల ఏంటి జోసెఫ్‌గారూ?”

కొత్త గిటారు కింది భాగంలో వేలెడు పొడుగు ఇనప కడ్డీ ఒకటి వంగి ఉంది. పాతదానికి అది లేదు.

“అదేనండీ అసలైన సంగతి, లివరు!” అంటూ కొత్తది ఎత్తుకున్నాడు. తీగలన్నీ ఒక్కసారి మీటి ఆ కడ్డీని కిందికి నొక్కి వదిలాడు. ఆరు తీగల స్వరమూ కలిసికట్టుగా కిందికి జారి, మళ్ళీ పైకి తేలింది. దోనె అలమీద దిగి లేచినట్టుంది. ఆ చప్పుడు నేను ఇంతకుముందు విన్నాను. సీడీలో మూడో పాట చివర.

“బాగుందండీ. పాతదాంతో ఇలా చెయ్యొచ్చా?”

“ఎలా కుదురుతుందండీ? పాతదానికి తీగలు పట్టుకునే బ్రిడ్జిని చెక్కకి బిగించేశారు. ఒక్కో తీగని వేలితో సాగదియ్యొచ్చుగాని, ఆరింటినీ కలిపి కిందికి దించడం మనిషి తరం కాదు.”

“కంప్యూటరు తరమా?”

“ఆయ్, కంప్యూటర్లో చేస్తే తెలిసిపోతుందండీ. చెవి మోసపోదు.”

“ఈ కొత్తది బజారుకి ఎప్పుడొచ్చింది?”

“పోయిన దసరాకండీ. జిల్లాలో మొదట తెప్పించింది నేనే.” ఆ మాట గర్వంగా అన్నాడు. అంటూండగానే అతని చెయ్యి లివరు మీంచి జారిపోయింది.

నేను సీడీ తీసి అతని ప్లేయర్లోనే పెట్టాను. మూడో పాట చివర నొక్కాను. గిటారు స్వరమంతా కలిసికట్టుగా కిందికి జారి, మళ్ళీ పైకి తేలింది.

కూలరు తన పాట తను పాడుకుంటోంది.

“2004 నవంబరులో రికార్డు చేశానన్నారు,” అన్నాను. “2006 దసరాకి పుట్టిన గిటారుతో ఎలా చేశారండీ?”

శ్రీరామచంద్ర కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

“శభాష్ భవానిగారూ! వారంరోజుల నా పని అరగంటలో చేసిపెట్టారు. ఇంక చెప్పేదేముంది? వాయించింది ఈ జోసెఫే. సరుకు చెల్లడానికి చచ్చినవాడి పేరు పెట్టాడు. శవం మీద సీడీ అమ్ముకున్నాడు. దొంగ సీడీ కేసు, అంతే.”

జోసెఫ్ తల దించుకున్నాడు. ఆ అపవాదు మోయడానికి సిద్ధపడిపోయినట్టే కనిపించాడు. అక్కడ నేను నోరు మూసుకోవలసింది. పోటీదారు చప్పట్లు కొడుతుంటే నోరు మూసుకునే ఓర్పు దేవుడు నాకు ఇవ్వలేదు.

“మీ లెక్క సగమే సరిపోయిందండీ,” అన్నాను. “ఏంజెల్, బస్సులో నాతో చెప్పిన యేసమ్మగారి సంగతి వీరికీ చెప్పమ్మా.”

ఏంజెల్ కళ్ళు తుడుచుకుంది. “యేసమ్మగారంటే మా ఆయన నాయనమ్మండీ. చర్చిలో పాటలు ఎత్తేది ఆవిడే. ఉబ్బసం మనిషి. ‘దరిచేర్చు దేవా’ అనే కీర్తనలో రెండో చరణం మధ్యలో ఆవిడకి ఊపిరి అందేది కాదు. ‘గాలి నీదే, నీరు నీదే’ అని ఆగేవారు. ఆవిడ ఊపిరి తీసుకునేదాకా చర్చంతా ఆగేది. తర్వాత ‘తెడ్డు మాత్రం నాదయ్యా’ అని అందరం ఎత్తుకునేవాళ్ళం. ఆవిడ పోయి చాలా ఏళ్ళయిందండీ. అయినా మా ఊళ్ళో ఇప్పటికీ అక్కడ ఆగుతాం. బయటి ఊళ్ళ పాస్టర్లు వస్తే తప్పు పాడుతున్నారంటారు. దిద్దుదామని చూశారు కూడా. మాకు రాలేదు.”

“సీడీలో గిటారు అక్కడ ఆగిందండీ,” అన్నాను శ్రీరామచంద్రతో. “ఇప్పుడు జోసెఫ్‌గారు వాయిస్తారు, వినండి.”

“నేను వాయించనండీ,” అన్నాడు జోసెఫ్.

“వాయించు అన్నయ్యా,” అంది ఏంజెల్. “నేను పాడతాను.”

ఆమె అడిగితే కాదనలేకపోయాడు. కొత్త గిటారు మీద వేళ్ళు కదిలించాడు. చెయ్యి తిరిగిన మనిషే, బాగా వాయించాడు. ఏంజెల్ చిన్నగొంతుతో పాడింది. రెండో చరణంలో ‘గాలి నీదే, నీరు నీదే’ అని ఆమె ఆగింది. గిటారు ఆగలేదు. అది పుస్తకంలో ఉన్నట్టు నేరుగా వెళ్ళిపోయింది. ఆమె ఆ ఊపిరి దగ్గరే ఉండిపోయింది.

జోసెఫ్ చేతులు తీసేశాడు.

“జోసెఫ్‌గారు గూడెం మనిషి. ఆయన ఊపిరికోసం ఆగడు,” అన్నాను. “పందిరిలంకలో గిటారు పట్టిన చెయ్యి ఒక్కటే ఉంది. సీడీలో వాయించింది ఏసుకుమారే. వాయించింది పోయిన దసరా తర్వాత. అంటే 2004 డిసెంబరులో కొల్లేట్లో ఎవరూ చచ్చిపోలేదు.”

చెప్పడం బాగానే చెప్పాను. చెప్పాక శ్రీరామచంద్ర మొహం చూడాలనిపించి చూశాను కూడా. అతని పెదవి బిగిసింది. “సిగరెట్టు కాల్చుకొస్తానండీ,” అని బయటికి నడిచాడు. ఓడిపోయాడనుకుని నేను లోపల్లోపల మురిసిపోయాను.

ఏంజెల్ గోడ పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. ఏడవలేదు. “అన్నయ్యా,” అంది. “బతికున్నారా?”

జోసెఫ్ ఆమె ఎదురుగా నేలమీదే కూలబడ్డాడు. “బతికున్నాడమ్మా. క్షమించు తల్లీ.”

ఆమె రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. దాని వెనకనుంచి వచ్చిన చప్పుడు నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. నా కళ్ళు కూడా ఊరుకోలేదు, డిటెక్టివునైతే మాత్రం.

“ఆ సాయంత్రం జగ్గారావు మనుషులు ఒక కాపలాదారుణ్ణి నీళ్ళలో తొక్కిపెట్టి చంపడం కుమార్ చూశాడమ్మా,” అన్నాడు జోసెఫ్. “కైకలూరులో చేపల చెరువుల జగ్గారావు లేడూ, ఆయనే. వాళ్ళు కుమార్ని కూడా చూశారు. దోనె తిరగేసి తెడ్లతో కొట్టారు. కిక్కిస గడ్డిలో పీకలదాకా మునిగి కూర్చుని బయటపడ్డాడు. తెల్లారకముందే నా దగ్గరికి వచ్చి పడ్డాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నీ మొహం ఏదీ దాచలేదు చెల్లెమ్మా. ఏడాదిపాటు మీ ఇంటిముందు జగ్గారావు మనుషులు కాపు కాశారు. నువ్వు ఏడవకపోయినా, తక్కువ ఏడ్చినా వాళ్ళకి తెలిసిపోయేది. నువ్వు ఏడ్చిన ఏడుపే వాడికి కాపలా అయింది.”

ఆ రెండున్నరేళ్ళు ఆమె ఒళ్ళో తిరిగి పెట్టడం ఎవరివల్లా కాదు.

“ఎక్కడున్నాడండీ?” అన్నాను నేను.

“ద్వారకా తిరుమలలోనండీ. కొండ కింద భక్తి క్యాసెట్ల కొట్లో. పేరు మార్చుకున్నాడు. చర్చిలో గిటారు వాయించేవాణ్ణి వెంకన్న దగ్గర ఎవరు వెతుకుతారండీ? వెనక గదిలో ఉంటాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం రెండు రెండున్నరకల్లా నేను అక్కడ ఉంటాను. ఇవాళా వెళ్ళాల్సిందే, మీరొచ్చారు. ఈ మధ్య ఒకటే పోరు, ఏంజీ నా పాట వినాలి, ఒక్కసారి వినాలి అని. కొత్త గిటారు తీసుకెళ్ళి అక్కడే రికార్డు చేశాను. పాత రికార్డింగని చెబితే ఎవరికీ అనుమానం రాదనుకున్నాను.”

పాత గిటారు ఇంకా వైరుతోనే ఉంది. బల్ల మీద పడుకుని జుమ్మని మోగుతూనే ఉంది. జోసెఫ్ దానివైపు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు ఏంజెల్‌కి దగ్గరగా జరిగాడు.

“ఇందాక నువ్వు అడిగావుగా అమ్మా, రొదకోసమేనా అని. కొత్తదానికి రొద లేదు. ఎటు తిరిగి కూర్చున్నా ఒకటే. అయినా వాడు ఆ గదిలో స్టూలు తిప్పుకుని తిప్పుకుని గోడకి ఎదురుగా కూర్చుంటాడు. ఏరా, ఆ గోడలో ఏముంది అంటే, ఊరుకో అన్నయ్యా, ఏంజీ వంట చేస్తోంది అంటాడు.”

అప్పుడు ఏడ్చింది ఏంజెల్. పెద్దగా, పసిపిల్లలా, ఎవరికీ కాపలా అక్కర్లేని ఏడుపు.

సరిగ్గా అప్పుడు రెండు కొట్టింది, కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. కూలరు ఆగింది. పాత గిటారు రొద టక్కున ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఒక్కసారి వచ్చేసరికి బయట మెట్లమీద మాట్లాడుతున్న మనిషి గొంతు పక్కనే ఉన్నట్టు వినపడింది.

“… అవునండీ జగ్గారావుగారూ, ఖాయం. బతికే ఉన్నాడు. నిన్న చెప్పాను కదండీ, ఈ జోసెఫ్ ద్వారకా తిరుమలలో ఒక క్యాసెట్ల కొట్టుకి వెళ్తుంటాడని. అక్కడే ఉంటాడు. మీవాళ్ళు కొండ కిందే ఉన్నారన్నారుగా, ఒకసారి చూసుకోమనండి …”

నేను తలుపు దగ్గరికి ఎలా వెళ్ళానో నాకు తెలియదు. శ్రీరామచంద్ర చేతిలో ఫోను లాక్కున్నాను. అవతల అప్పటికే పెట్టేశారు.

“ఏంటండీ ఈ దౌర్జన్యం?” అన్నాడు. “క్లయింటుకి రిపోర్టు ఇవ్వడం తప్పా?”

“మీ క్లయింటే అతన్ని నీళ్ళలో ముంచింది.”

అతనికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. మనిషి మూర్ఖుడే గాని దుర్మార్గుడు కాదు. మొహంలో రక్తం దిగిపోవడం కళ్ళారా చూశాను. “తప్పిపోయిన దూరపు చుట్టం బతికున్నాడేమో ఆ సీడీని బట్టి తేల్చమని కన్నీళ్ళు పెట్టుకున్నాడండీ,” అన్నాడు. “నేనడగలేదు. ‘ఎందుకు’ అని ఒక్కమాట నేనడగలేదు.” నా చేతిలోంచి ఫోను తీసుకుని, తనకి తెలిసిన పోలీసు నెంబర్లన్నీ నొక్కడం మొదలుపెట్టాడు.

అతన్ని తిట్టే హక్కు నాకెక్కడుంది? అతనికి లేని రుజువు నేనే చేతిలో పెట్టాను, చప్పట్లకోసం.

లోపల జోసెఫ్ ల్యాండ్‌లైను తిప్పుతున్నాడు. “మధ్యాహ్నం షట్టరు దించుకుని వాడొక్కడే ఉంటాడండీ. ఫోను ఎత్తుతాడు గాని ముందు మాట్లాడడు. అవతలి గొంతు పోల్చుకున్నాకే పలుకుతాడు.”

అటు రింగు మోగడం రిసీవరు బయటికే వినపడింది. చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు. ఎవరూ పలకలేదు.

జోసెఫ్ మాట్లాడబోతే ఏంజెల్ లేచి రిసీవరు అందుకుంది. ఇన్నేళ్ళ తర్వాత ఏమని మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదనుకుంటాను. పాడింది.

“గాలి నీదే, నీరు నీదే …”

ఆగింది.

అవతల ఒక మనిషి ఊపిరి పీల్చుకోవడం వినపడింది. నెమ్మదిగా, లోతుగా, చచ్చిపోయిన ఒక ముసలమ్మ పీల్చుకున్నంతసేపు.

“ఏంజీ,” అంది ఆ గొంతు.

“ఏవండీ,” అంది ఏంజెల్. ఆ పిలుపు ఇంతకాలం ఆమె నోట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు అది ఒక్కటే మాట వచ్చి, మిగిలిన మాటలేవీ రాలేదు. “ఏవండీ, ఏవండీ …”

“జోసెఫ్ అన్నయ్య చెప్పేశాడా? చెప్పొద్దన్నాను గాని, చెప్పేస్తే బాగుండునని రోజూ అనుకున్నానే. ఏడవకు. నువ్వు ఏడిస్తే నాకు శ్రుతి కుదరదు.” ఆ గొంతు నవ్వుతోంది. దాని వెనక ఇనప షట్టరు మీద ఎవరో దబదబ బాదుతున్న చప్పుడు. “అదిగో, మాటల్లోనే వచ్చేశాడు అన్నయ్య. శుక్రవారం కదా. ఫోను పెట్టెయ్యకు ఏంజీ, తలుపు తీసొస్తాను.”

జోసెఫ్ నా పక్కనే నిలబడి ఉన్నాడు.